వస మూట నుంచి వేప సూది దాకా

మంచు గడ్డకట్టే కెనడాలో చెదలేమిటని మనవాళ్లకు అనుమానం రావచ్చు. అక్కడి ఒంటారియో రాష్ట్రంలో వాటిని 1929లో పాయింట్ పిలీ దగ్గర, 1938లో టొరంటో రేవు పక్కన గుర్తించారు. తర్వాత సరస్సు ఒడ్డునున్న ఉక్కు ఊరు హామిల్టన్‌కూ పాకాయి. నేల పైపొర గడ్డకట్టినా అవి ఇంకా లోతుకు దిగి, వెచ్చటి బేస్‌మెంట్ గోడల చాటున చేరి బతికేస్తాయి.

చాలాకాలం వీటికి విరుగుడు క్లోర్డేన్ అనే రసాయనం. పునాది చుట్టూ పోస్తే మట్టిలో ఏళ్ల తరబడి నిలిచేది. అందుకే వాడారు, అందుకే మానాల్సి వచ్చింది. అమెరికాలో 1988లో దాని వాడకం ఆగింది. ఏళ్ల తరబడి నశించని విషాల మీద కుదిరిన 2001 నాటి స్టాక్‌హోమ్ ఒప్పందం మొదట పేర్కొన్న 12 రసాయనాల్లో అదీ ఒకటి. ఒంటారియో 2009 ఏప్రిల్ 22 నుంచి పచ్చిక, పూలతోటల అందం కోసం రసాయనాలు చల్లడాన్ని నిషేధించింది. చెదల నుంచి ఇళ్లను కాపాడుకోవడానికి మాత్రం మినహాయింపు ఉంది.

మొక్కలతో కాపలా ఇంతకంటే ఎంతో పాతది. నాయకరాజుల కాలం నుంచి తెలుగు వెలిగిన తంజావూరులో, సరస్వతీ మహల్ గ్రంథాలయంలో తాళపత్రాల పక్కన చిన్న చిన్న మూటలు పెడతారు. వాటిలో వస, నల్లజీలకర్ర, మిరియాలు, లవంగాలు, దాల్చినచెక్క, కర్పూరం ఉంటాయి. అన్నీ మన వంటింటి, పూజగది సరుకులే! ఆ ఘాటుకు పురుగు దగ్గరికి రాదు. వేసవిలో మనం కిటికీలకు కట్టే వట్టివేళ్ల తడికలకూ ఆ గుణముంది. వట్టివేరు నూనెలోని నూట్కటోన్‌కు చెదలు దూరంగా తొలగిపోతాయని అమెరికాలో లూసియానా శాస్త్రజ్ఞులు తేల్చారు.

ఇక వేప. 1959లో సూడాన్‌లో మిడతల దండు పచ్చనిదంతా మేసేసి వేపచెట్లను మాత్రం వదిలేయడం జర్మన్ శాస్త్రవేత్త ష్ముటెరర్ కంటబడింది. 1968లో ఇంగ్లండులోని కీల్ విశ్వవిద్యాలయంలో వేపగింజ నుంచి అజాడిరక్టిన్‌ను వేరుచేశారు. పురుగుకు తిండి సహించకుండా చేసి, కుబుసం విడవనీయకుండా అడ్డుపడే పదార్థమది. దాన్ని ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేయడానికి కేంబ్రిడ్జిలో స్టీవెన్ లే బృందానికి 22 ఏళ్లు పట్టింది. 2007లో గానీ కాలేదు. మన పెరటి చెట్టు ఏటా చడీచప్పుడు లేకుండా చేసే పని అది.

ఆ వేపగింజ సారమే ట్రీఅజిన్ పేరుతో ఒంటారియో చేరింది. యాష్ చెట్లను తొలిచే పచ్చపురుగు మీద, హామిల్టన్‌కు దగ్గర్లోని ఓక్‌విల్ పట్టణం దాన్ని చెట్ల మానుల్లోకి సూదిమందులా ఎక్కించింది. ఆ చెట్టుకు పనికొచ్చింది కదా, ఇంటి చెదలకూ చాలదా అంటే, అంత తేలిక కాదు. మానులో సారం దాగి ఉంటుంది, మట్టిలోనో ఎండలోనో త్వరగా విరిగిపోతుంది. నీటికీ నేలకీ అది మేలే, పునాదికి ఏళ్ల తరబడి కాపలా మాత్రం దొరకదు. పైగా ఘాటుకు బెదిరిన చెదలు చావవు, పక్కదారి పడతాయి. పుస్తకాల బీరువాకు వస మూట, కొత్త చెక్కకు వేపనూనె పూత మంచివే. గోడ మీద చెదలు కట్టే మట్టిగొట్టాలు కనిపించాక వాటిని నమ్ముకోవడం ఇంటికి చేటు.

హామిల్టన్‌లో ఇల్లు కొనే తెలుగువాళ్లు ముందు బేస్‌మెంట్ గోడల మీద వేలెడు వెడల్పు మట్టిగొట్టాల కోసం వెతకండి. కట్టెలను ఇంటి గోడకు ఆనించి పేర్చకండి. మట్టిని తాకే చెక్క ఎక్కడున్నా తీయించండి.