దీపస్తంభం దాకా

రజతోత్సవ సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శి ఫోన్ చేసినప్పుడు "మన సంఘం చరిత్ర రాయనా?" అని అడిగాను. "చరిత్ర అధ్యక్షులవారు రాస్తున్నారక్కా. మీరు ఈ ప్రాంతపు గొప్పవాళ్ల మీద ఓ రెండు పేజీలు రాయండి చాలు. దాతల్ని మాత్రం మరిచిపోకండి" అన్నాడు. న్యూ ఇంగ్లండ్ చలిలో పాతికేళ్లు కాపురం చేశాక, ఇక్కడి గొప్పవాళ్లంటే నాకు ముందు గుర్తొచ్చేది జోన్ బెనాయిట్. మేన్ రాష్ట్రంలో ఆవిడ మొదలుపెట్టిన పరుగు పందెమూ, మన సంఘమూ ఒకే ఏడు పుట్టాయి. 1998లో.

1984 లాస్ ఏంజిలస్ ఒలింపిక్స్ అంటే మనందరికీ పి.టి. ఉష. సెకనులో నూరో వంతు తేడాతో కాంస్యం చేజారింది. అది ఆగస్టు 8. సరిగ్గా మూడు రోజుల ముందు అదే స్టేడియంలోకి నెత్తిన తెల్ల టోపీతో ఒంటరిగా పరిగెత్తుకుంటూ వచ్చి మారథాన్ గెలిచింది బెనాయిట్. ఉష పరిగెత్తిన 400 మీటర్ల హర్డిల్సూ, ఈ మారథానూ ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు పెట్టడం అదే మొదటిసారి.

అంత ఆలస్యం ఎందుకయిందని మా అమ్మాయి అడిగితే చెప్పాను. 1928లో ఆడవాళ్లకు 800 మీటర్లు పెట్టారు. పరుగు అయ్యాక కొందరు ఆయాసంతో కూలబడ్డారు. మగవాళ్లు కూలబడితే వీరత్వం, ఆడవాళ్లు కూలబడితే ఆరోగ్యానికి హాని! ఆ పందెమే ఎత్తేశారు. 1960 దాకా 200 మీటర్లు దాటి ఆడవాళ్ల పరుగు లేదు.

మన బోస్టన్ మారథాన్ కథ కూడా అంతే. 1966లో బాబీ గిబ్ దరఖాస్తు పెట్టుకుంటే, ఆడవాళ్లు అంత దూరం పరిగెత్తలేరని తిప్పి పంపారు. ఆవిడ హాప్కింటన్‌లో పొదల చాటున నిలబడి, పరుగు మొదలవగానే గుంపులో కలిసిపోయింది. 3 గంటల 21 నిమిషాల్లో ముగించింది. ఫలితాల జాబితాలో పేరు లేదు. ముప్ఫై ఏళ్ల తర్వాత, 1996లో గానీ ఆవిణ్ణి విజేతగా ఒప్పుకోలేదు. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను.

బెనాయిట్ 1957లో కేప్ ఎలిజబెత్‌లో పుట్టింది. స్కీయింగ్‌లో కాలు విరిగి, కోలుకోవడానికి పరుగు పట్టుకుంది. రోడ్డు మీద కారు వస్తే పరుగు ఆపి, పక్కన పూలు చూస్తున్నట్టు నటించేదట, ఆడపిల్ల పరిగెడితే జనం ఏమనుకుంటారోనని. ఆ పిల్లే 1979లో, బోడిన్ కాలేజీలో చదువుతూ, బోస్టన్ మారథాన్‌ను 2:35:15లో గెలిచింది. 1983లో మళ్లీ ఇక్కడే 2:22:43. దాంతో గ్రెటె వెయిట్జ్ లండన్‌లో సాధించిన ప్రపంచ రికార్డు స్థాయి సమయం ఒక్క రోజే నిలిచింది!

అసలు పరీక్ష 1984లో. మార్చిలో ఇరవై మైళ్ల సాధన చేస్తుంటే కుడి మోకాలు పట్టేసింది. ఇంజెక్షన్లకు లొంగలేదు. ఏప్రిల్ 25న ఆపరేషన్. ఒలింపిక్ జట్టు ఎంపిక మే 12న. మధ్యలో పదిహేడు రోజులు. కాలు కదపలేని రోజుల్లో చేతులతో తిప్పే యంత్రం మీద కూర్చుని గుండెకు పని చెప్పింది. ఆ తొందరలో రెండో కాలి తొడ వెనక కండరం పట్టేసింది. అయినా ఎంపిక పోటీ గెలిచింది. లాస్ ఏంజిలస్‌లో మూడో మైలు దగ్గరే, నీళ్ల బల్ల దగ్గర రద్దీ ఎందుకని ఆగకుండా ముందుకు పోయింది. ఆ తర్వాత ఆవిణ్ణి అందుకున్నవాళ్లు లేరు. 2:24:52. వెయిట్జ్ కంటే 86 సెకన్లు ముందు. అదే పందెంలో గాబ్రియెలా ఆండర్సన్ వడదెబ్బకు ఒళ్లు స్వాధీనం తప్పి, ఆఖరి చుట్టు తూలుతూ పూర్తి చేసింది. 1928లో అయితే ఆ ఒక్క దృశ్యం చూసే మారథాన్ ఎత్తేసేవాళ్లు. ఈసారి జనం లేచి చప్పట్లు కొట్టారు.

1985 షికాగోలో 2:21:21. ఆ తర్వాత గాయాలు, పిల్లలు. అరవై ఒక్క ఏళ్ల వయసులో, 2019లో బోస్టన్‌ను 3 గంటల 4 నిమిషాల్లో ముగించింది.

ఇక మన సంగతి. కేప్ ఎలిజబెత్ సముద్రతీరం దగ్గర మొదలై పోర్ట్‌లాండ్ హెడ్ దీపస్తంభం దగ్గర ముగిసే, బెనాయిట్ మొదలుపెట్టిన ఆ 10 కిలోమీటర్ల పందెంలో, మన సంఘం నుంచి కొందరం నీళ్లు అందించడానికి వెళ్లేవాళ్లం. కాగితం కప్పును గట్టిగా పట్టుకోకూడదు. అడుగున రెండు వేళ్లతో ఆనించి చెయ్యి చాపి నిలబడాలి, వాళ్లు లాక్కుపోతారు. సగం నీళ్లు మన చేతి మీదే. ఈ కిటుకు నాకు నేర్పింది మనమంతా 'పిన్ని' అని పిలిచిన మన తొలి అధ్యక్షుల భార్య. చీర మీద స్వెట్టరు, కాళ్లకు కాన్వాసు బూట్లు. బెనాయిట్ ఆపరేషన్ కథ చెబితే "పదిహేడు రోజులకే పరిగెత్తిందా! నన్ను మెట్లే ఎక్కొద్దన్నాడు డాక్టరు" అని మోకాలు తడుముకుంది. తడుముకుంటూనే మూడు గంటలు నిలబడింది.

కార్యదర్శి మాట ప్రకారం కృతజ్ఞతలు: ముద్రణ ఖర్చు భరించిన దంతవైద్యులకు, ఏటా బియ్యం, పప్పు ఇచ్చిన కిరాణా కొట్టువారికి, ఉగాదికి హాలు ఇప్పించిన గుడి పెద్దలకు, కుర్చీలు మోసిన విద్యార్థులకు, కచేరీలకు మైకు సర్దిన ఇంజనీరు తమ్ముళ్లకు, లెక్కలు చూసిన కోశాధికారులకు. పేర్లన్నీ ఆఖరి పేజీలో ఉన్నాయి.

కానీ మొదటి పేజీ అచ్చుప్రతి కూడా చూశాను. వ్యవస్థాపకులు పదకొండుగురు, అందరూ మగవాళ్లే. తొలి ఉగాదికి రెండు వందల మందికి పులిహోర కలిపింది ఎవరి వంటింట్లో? మంచుకు హాలు మూసేస్తే సంక్రాంతి ఎవరి గరాజులో జరిగింది? పాతికేళ్ల కిందటి సభ్యత్వ పుస్తకంలోనూ పిన్ని 'శ్రీమతి' అన్న మాట వెనక భర్త పేరే. ఆవిడ సొంత పేరు నాకు తెలిసింది అంత్యక్రియల రోజున, పురోహితులు అడిగితే. తప్పు కమిటీ ఒక్కదానిదే అనను. ఇరవై ఏళ్లు పక్కన నిలబడి కప్పులు అందించిన నేనూ అడగలేదు.

గిబ్ పేరు రాయడానికి బోస్టన్‌కు ముప్ఫై ఏళ్లు పట్టింది. మనకు పాతికే అయింది, ఇంకా అయిదేళ్లు చేతిలో ఉన్నాయి. అంతదాకా ఆగకండి. పిన్ని పేరు నేను ఈ వ్యాసంలో రాయడం లేదు. దాని చోటు ఇది కాదు, వ్యవస్థాపకుల పేజీ. కార్యదర్శికి విడిగా రాసిచ్చాను. అచ్చుకు ఇంకా వారం ఉంది.