ఎలుగుబంటికి చిక్కని కెమేరా

అడవి జంతువుల జీవితమును తెలిసికొనుటకు మనుష్యుడే పెద్ద అడ్డంకి. అతని వాసన తగిలినను, అడుగుల చప్పుడు వినిపించినను జంతువులు తొలగిపోవును. కనుక తాను ఇంటనుండి, తన కన్నును మాత్రము అడవిలో విడిచివచ్చు ఉపాయమును అతడు వెదకెను. నేటి జంతుశాస్త్రజ్ఞులు వాడుచున్న మాటు కెమేరా అట్లు పుట్టినదే. అది చెట్టునకు కట్టిన చిన్న పెట్టె. జంతువు ఎదుటికి రాగానే దానంతట అది ఫోటో తీయును. అనేక జంతువులు ఈ పెట్టెను చూచియు చూడనట్లు సాగిపోవును. ఎలుగుబంటి అట్లు పోదు. దగ్గరకు వచ్చి, వాసన చూచి, నాకి, కొరికి, తుదకు పెరికివేయును. దాని బారినుండి కెమేరాను కాపాడుకొనుటకు శాస్త్రజ్ఞులు పడిన పాట్లలో ఉక్కు బలమును గూర్చిన పాఠములకంటె జంతు స్వభావమును గూర్చిన పాఠములే ఎక్కువ.

దారమునుండి పరారుణ కిరణములవరకు

1878వ సంవత్సరము జూన్ నెలలో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోయందు ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అను ఛాయాగ్రాహకుడు 12 కెమేరాలను వరుసగా నిలిపి, పరుగెత్తు గుర్రము చేతనే వాటి మీటలను లాగించెను. ఫోటో తీయబడు జంతువే ఫోటోను తీయునన్న భావము అచ్చట రూపుదాల్చినది.

దీనిని అడవికి తీసికొనిపోయినవాడు అమెరికాకు చెందిన మూడవ జార్జి షైరస్. ఈయన న్యాయవాది, కొంతకాలము కాంగ్రెసు సభ్యుడు. పడవ ముందు భాగమున దీపముంచిన యెడల ఒడ్డున నున్న లేడి ఆ వెలుగును చూచుచు నిలిచిపోవును. ఒజిబ్వే జాతివారి ఈ వేట పద్ధతిని నేర్చిన షైరస్, 1889 ప్రాంతమున తుపాకిని వదలి కెమేరాను చేపట్టెను. తరువాత జంతువు నడచు బాటకు అడ్డముగా దారము కట్టి, అది తగులగానే మెరుపుపొడి భగ్గున మండి ఫోటో పడునట్లు అమర్చెను. ఆయన తీసిన 74 ఫోటోలను 1906 జూలైలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ప్రకటించినది.

మన దేశములో సంయుక్త రాష్ట్రముల అటవీశాఖ అధికారి ఎఫ్. డబ్ల్యు. ఛాంపియన్ ఇదే పద్ధతిని పులులపై ప్రయోగించి, 1927లో ఒక గ్రంథమును ప్రచురించెను. పులి చారలనుబట్టి ఏది ఏ పులియో గుర్తింపవచ్చునని ఆయన గ్రహించెను. అదే సంవత్సరమున ఫ్రాంక్ చాప్‌మన్ పనామాలోని బారో కొలరాడో ద్వీపమున తీసిన రాత్రి ఫోటోలను వెల్లడించెను.

ఈ పాత పరికరములలో ఒక విశేషము కలదు. ఒకసారి దారము కదలిన పిదప మనిషి వచ్చి మరల పొడి నింపి, ఫలకము మార్చువరకు అవి పనికిరావు. ఏదేని జంతువు వాటిని పడద్రోసినను పోవునది ఒక రాత్రి శ్రమ మాత్రమే.

1990 ప్రాంతమునుండి పరిస్థితి మారినది. ప్రతి ప్రాణి శరీరమునుండియు కంటికి కనబడని పరారుణ కిరణములు వెలువడుచుండును. చుట్టునున్న ఉష్ణతకు భిన్నమైన శరీరము కదలినపుడు కలుగు మార్పును పసిగట్టు పరికరములు అందుబాటులోనికి వచ్చినవి. దారము, మెరుపుపొడి అక్కరలేకపోయినవి. 1994లో మొంటానాలోని స్వాన్ పర్వతములలో గ్రిజ్లీ ఎలుగుబంట్ల సంఖ్యను కెమేరాలతో అంచనా కట్టిన పరిశోధన వెలువడెను. ఉల్లాస్ కారంత్ కర్ణాటకలోని నాగరహొళెలో పులులను ఇట్లే లెక్కించి 1995లో ఫలితములను ప్రకటించెను. 2018-19లో మన దేశమున జరిగిన పులుల గణనయందు 26,838 చోట్ల కెమేరాలనుంచి 3 కోట్ల 48 లక్షలకు పైగా ఫోటోలు తీసిరి. ఇప్పటి కెమేరా వారములు, నెలల తరబడి ఒంటరిగా అడవిలో నుండును. ఎలుగుబంటికి దానిని పరిశీలించుటకు కావలసినంత తీరిక దొరకినది.

పోవునది యంత్రము మాత్రమే కాదు

కెమేరా పగిలిన యెడల దాని వెల నష్టమగుట స్పష్టమే. అంతకంటె పెద్ద నష్టము వేరొకటి కలదు. ఒక కెమేరాను 60 రాత్రులకు అమర్చితిమనుకొందము. పదవ రాత్రి ఎలుగుబంటి దాని ముఖమును ఆకాశమువైపు త్రిప్పినది. తక్కిన 50 రాత్రులు అది కొమ్మలనే చూచుచుండును. ఆ చోట జంతువులు లేవని మనము వ్రాసికొన్నచో అది అబద్ధమగును. పది రాత్రులే పరిశీలించితిమని వ్రాసికొనుట న్యాయము.

మరియొక చిక్కు కలదు. ఎలుగుబంట్లు ఎక్కువగా నున్న చోటనే ఎక్కువ కెమేరాలు పాడగును. సాక్ష్యము చెప్పవలసిన కన్నులు అచ్చటనే మూతపడును. లెక్కలో జాగ్రత్తపడనిచో ఎలుగుబంట్లు మెండుగానున్న అడవియే వాటికి కొరతపడిన అడవివలె కనబడును. ఏ అడవిని కాపాడవలెనో నిర్ణయించునది ఈ లెక్కలే గనుక ఇది చిన్న విషయము కాదు.

ముక్కుతో చూచు జంతువు

ఎలుగుబంటి లోకమును ముఖ్యముగా ముక్కుతో తెలిసికొనును. కెమేరాను కట్టిన వాని చేతి చెమట, అతడు తిన్న ఆహారపు వాసన, క్రొత్త ప్లాస్టిక్కు, నూనె వాసనలు దానికి ఆహ్వానములే. పైగా ఈ పెట్టె పూర్తిగా మౌనముగా నుండదు. కెమేరాలు వెలువరించు సూక్ష్మ ధ్వనులను, పరారుణ కాంతిని జంతువులు గుర్తింపగలవని 2014లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపిరి. ఎలుగుబంటి కుతూహలమునకు ఒక ముచ్చటైన ఉదాహరణము కలదు. 2023 జనవరిలో అమెరికాలోని బౌల్డర్ నగర అధికారులు ఒక కెమేరాలోని ఫోటోలను వెల్లడించిరి. 580 ఫోటోలలో ఇంచుమించు 400 ఒకే ఎలుగుబంటివి!

వాసనకు విరుగుడు ఘాటని తలచి కొందరు వస్తువులపై మిరప రసమును చల్లుదురు. మీదికి వచ్చు ఎలుగుబంటి ముఖముపై చిమ్మినపుడు ఆ రసము చక్కగా పనిచేయును. కాని నేలపై పడి ఆరిన రసము మాట వేరు. అలాస్కాలోని కూలిక్ నది ఒడ్డున గోధుమవన్నె ఎలుగుబంట్లు అట్టి చోటును వెదకికొని వచ్చి, దానిపై పొర్లాడుటను గూర్చి టామ్ స్మిత్ 1998లో ప్రకటించెను. కంటిని మండించునదియే ముక్కును పిలిచినది. కెమేరాకు మిరప రసము పూయుట ఎలుగుబంటిని పేరంటమునకు పిలిచినట్లే.

ఉక్కు పెట్టె, దాని పరిమితి

మనుష్యుల వస్తువులను ఎలుగుబంటినుండి కాపాడు విద్య కెమేరాలతో మొదలు కాలేదు. అమెరికాలోని యెల్లోస్టోన్ ఉద్యానమున చెత్తకుప్పలకు అలవాటుపడిన గ్రిజ్లీలు, ఆ కుప్పలు 1970 ప్రాంతమున మూతపడిన పిదప విడిదులవైపు మళ్ళినవి. కొద్ది సంవత్సరములలో వందకు పైగా చంపబడినవి. మనిషి సామాను రుచి మరగిన ఎలుగుబంటికి ఆయువు తక్కువని ఆ అనుభవము నేర్పినది. అప్పటినుండి తెరువరాని చెత్తడబ్బాలు, ఆహారపు పెట్టెలు వాడుకలోనికి వచ్చినవి. నేడు వాటిని వెస్ట్ యెల్లోస్టోన్ పట్టణములోని ఒక కేంద్రమున బందీలుగానున్న ఎలుగుబంట్ల చేతనే పరీక్షింపజేయుదురు. లోపల ఎర ఉంచిన పెట్టె 60 నిమిషములపాటు వాటి పండ్లకు, గోళ్ళకు తాళగలిగిన నెగ్గినట్లు.

కెమేరాకును ఇట్టి ఉక్కు తొడుగు వచ్చినది. దానిని లావైన మేకులతో బలమైన మ్రానునకు బిగింతురు. పట్టీ కట్టుట చాలదు, ఏలన గోరు దూరు సందు ఉన్నచో అచ్చటినుండియే ఊడదీయుట మొదలగును. కాని ఉక్కు తొడుగు కటకమును కప్పలేదు. ఒక్కసారి నాకినను ఫోటోలు మసకబారును. మూడు మీటర్ల ఎత్తున కట్టి క్రిందికి వంచిన కొంత మేలు, అయితే ఎలుగుబంటి చెట్టెక్కగలదు. చిన్న జంతువులు కెమేరా చూపునకు తప్పిపోవుటయు కలదు.

కనుక అనుభవజ్ఞులు ముందుగా స్వభావమునకు తగిన జాగ్రత్తలు తీసికొందురు. శుభ్రమైన చేతులతో పనిచేయుదురు. క్రొత్త పెట్టెలను కొన్నాళ్ళు ఆరుబయట ఉంచి వాసన పోగొట్టుదురు. ఎలుగుబంటి వీపు రుద్దుకొను చెట్టునకు కెమేరాను కట్టరు, దానికి ఎదురుగా కొంత దూరమున కట్టుదురు. ముఖ్యమైన చోట రెండు కెమేరాలను ఎదురెదురుగా నుంతురు. ఒకటి చెడినను రెండవది సాక్ష్యమిచ్చును.

మన నల్లమల అడవులలోను ఎలుగుబంటి కలదు. దీనినే గుడ్డెలుగు అందురు. చెదపుట్టలను త్రవ్వు దాని పొడవైన గోళ్ళకు పట్టీలు, మూతలు అడ్డము కావు. దక్షిణమున ఏనుగులు తిరుగు అడవులలో ఉక్కు తొడుగును నమ్ముకొనుట మరియు కష్టము. ఏ అడవియైనను వరుస ఒక్కటే: మొదట వాసన, తరువాత చోటు, చివరకు ఉక్కు. ఇన్ని చేసినను కొన్ని కెమేరాలు పోవును. పోయిన రాత్రులను లెక్కనుండి తీసివేసి, మిగిలిన రాత్రులనుబట్టియే అడవిని గూర్చి మాటలాడుట శాస్త్రజ్ఞుని విధి.