పోర్షే 996

పోర్షే 996 జర్మనీకి చెందిన పోర్షే సంస్థ తయారుచేసిన విలాసవంతమైన స్పోర్ట్స్ కారు. ఈ సంస్థ యొక్క ప్రసిద్ధ 911 శ్రేణిలో 1997 నుండి 2005 వరకు వెలువడిన తరాన్ని దాని అంతర్గత సంఖ్యను బట్టి 996 అని వ్యవహరిస్తారు. 911 శ్రేణిలో నీటితో చల్లబడే ఇంజను కలిగిన మొదటి తరం ఇదే. మొత్తం మీద సుమారు 1,75,000 కార్లు తయారైనవి. తయారీ ఆగిపోయి రెండు దశాబ్దాలు గడచినందున ఇప్పుడు ఇది వాడిన కారుగా మాత్రమే లభిస్తుంది. 911 తరాలలో చాలాకాలం పాటు అన్నిటికంటే చవకగా దొరికినది ఇదే కావడం చేత, పరిమితమైన ఆదాయం కలవారు కూడా దీనిని కొనడానికి ముందుకు వచ్చారు. అయితే కారు ధర పడిపోయినంతగా దాని మరమ్మతు ఖర్చు పడిపోలేదు. ఈ తేడాయే పాత 996 కొనుగోలులో ముఖ్యమైన సమస్య.

చరిత్ర

1990ల ఆరంభంలో పోర్షే సంస్థ తీవ్రమైన ఆర్థిక ఇబ్బందులలో చిక్కుకున్నది. అప్పుడు సంస్థ పగ్గాలు చేపట్టిన వెండెలిన్ వీడెకింగ్, జపాను నిపుణుల సహాయంతో తయారీ పద్ధతులను మార్చి ఖర్చు తగ్గించాడు. ఆ ప్రయత్నంలో భాగంగా బాక్స్‌స్టర్ (986) అనే చిన్న కారును, కొత్త 911ను కలిపి రూపొందించారు. రెండు కార్ల ముందు భాగాలు, తలుపులు, లోపలి అమరికలో అనేక భాగాలు ఉమ్మడివి. 996 బాహ్య రూపాన్ని పింకీ లాయ్ తీర్చిదిద్దాడు. 1997లో ఫ్రాంక్‌ఫర్ట్ మోటారు ప్రదర్శనలో దీనిని ప్రజల ముందుంచారు.

1963లో మొదలైన 911 శ్రేణిలో అప్పటి వరకు గాలితో చల్లబడే ఇంజన్లే ఉండేవి. కఠినమవుతున్న కాలుష్య, శబ్ద నియమాలను పాటిస్తూ శక్తిని పెంచడానికి నీటి శీతలీకరణ అవసరమైనది. పాత అభిమానులలో చాలామందికి ఈ మార్పు రుచించలేదు. వేయించిన గుడ్డును పోలిన ముందు దీపాలు కూడా విమర్శకు గురయ్యాయి. 2002 మోడలులో ఆ దీపాల స్థానంలో అంతకుముందే టర్బో రకానికి అమర్చిన దీపాలను ఇచ్చారు. 2004లో తరువాతి తరమైన 997 వచ్చింది.

ముఖ్య రకాలు

* కరేరా: ప్రాథమిక రకం. మొదట 3.4 లీటర్ల ఇంజను, 300 మెట్రిక్ అశ్వశక్తి. 2002 మోడలు నుండి 3.6 లీటర్లు, 320 అశ్వశక్తి. వెనుక చక్రాలు నడుస్తాయి.
* కరేరా 4, కరేరా 4ఎస్: నాలుగు చక్రాలూ నడిచే రకాలు. 4ఎస్‌కు టర్బోను పోలిన వెడల్పాటి బాడీ ఉంటుంది.
* కాబ్రియోలే, టార్గా: మొదటిది మడతపెట్టగల గుడ్డ పైకప్పు కలది, రెండవది జరిపే గాజు పైకప్పు కలది.
* టర్బో: 2000లో వచ్చింది. రెండు టర్బోలు, 420 అశ్వశక్తి.
* జీటీ3, జీటీ2: పరుగుపందేల కార్లకు దగ్గరి రకాలు. జీటీ3 1999లోను, జీటీ2 2001లోను వెలువడినవి.

గేరుబాక్సు ఆరు గేర్ల మాన్యువల్, ఐదు గేర్ల టిప్‌ట్రానిక్ అనే ఆటోమేటిక్ రకాలలో లభించింది. తొలి మాన్యువల్ కరేరా గంటకు 280 కిలోమీటర్ల గరిష్ఠ వేగం అందుకోగలదు.

ధర పడిపోవడానికి కారణాలు

1990ల చివర అమెరికాలో కొత్త కరేరా ధర సుమారు 65,000 డాలర్లు. 2010ల ఆరంభానికి అటువంటి కారే 20,000 డాలర్ల ప్రాంతంలో దొరకసాగింది. ఏ కారుకైనా వయసుతో విలువ తగ్గడం సహజమే. కాని 996 విషయంలో మరికొన్ని కారణాలు తోడైనవి. గాలితో చల్లబడే 911లపై అభిమానుల మక్కువ, ముందు దీపాలపై అయిష్టత, చవకైన బాక్స్‌స్టర్‌తో పోలిక వీటిలో కొన్ని. అన్నింటికంటే బలమైన కారణం ఇంజను లోపాన్ని గురించిన భయం. తరువాతి సంవత్సరాలలో జీటీ3, జీటీ2, టర్బో రకాల ధరలు తిరిగి పెరిగాయి. సాధారణ కరేరాలు మాత్రం వాటికంటే చాలా తక్కువకు దొరుకుతాయి.

మధ్య షాఫ్టు బేరింగు సమస్య

కరేరా రకాలలో ఉన్న ఇంజనును ఎం96 అంటారు. ఇందులో క్రాంక్‌షాఫ్టుకు, క్యామ్‌షాఫ్టులకు నడుమ ఒక మధ్య షాఫ్టు ఉంటుంది. క్రాంక్‌షాఫ్టు దీనిని తిప్పుతుంది, ఇది గొలుసుల ద్వారా క్యామ్‌షాఫ్టులను తిప్పుతుంది. ఈ మధ్య షాఫ్టు ఒక చివర, అనగా క్లచ్ వైపున, మూసివేసిన బాల్ బేరింగుపై ఆధారపడి ఉంటుంది. దీనినే ఆంగ్ల పదాల పొడి అక్షరాలతో ఐ.ఎం.ఎస్. బేరింగు అంటారు.

కాలక్రమాన ఇంజను ఆయిలు బేరింగు మూతను దాటి లోపలికి చేరి అందులోని గ్రీజును కడిగివేస్తుంది. పైగా మూత ఉన్నందున తాజా ఆయిలు ధారాళంగా అందదు. దానితో గుండ్లు అరిగి బేరింగు విరుగుతుంది. షాఫ్టు పక్కకు జరిగి, గొలుసుల లయ తప్పి, వాల్వులు పిస్టన్లకు తగులుతాయి. అప్పుడు ఇంజను చాలావరకు పనికిరాకుండా పోతుంది. చాలా సందర్భాలలో డ్రైవరుకు ముందస్తు హెచ్చరిక ఉండదు.

తొలి కార్లలో రెండు వరుసల గుండ్లు గల బేరింగు, తరువాతి కార్లలో ఒకే వరుస గల బేరింగు వాడారు. ఒకే వరుస బేరింగులే ఎక్కువగా చెడిపోయాయి. దీనిపై అమెరికాలో వినియోగదారులు వేసిన సామూహిక దావా 2013లో రాజీతో ముగిసింది. 2001 మే 4 నుండి 2005 ఫిబ్రవరి 21 వరకు తయారైన కొన్ని 911, బాక్స్‌స్టర్ కార్లకు ఆ రాజీ వర్తించింది. దాని గడువులు ముగిసినందున నేటి కొనుగోలుదారుకు దాని వలన ప్రయోజనం లేదు.

ఈ బేరింగును మెరుగైన రకంతో మార్చవచ్చును. అందుకు గేరుబాక్సును దించవలసి ఉంటుంది. క్లచ్ మార్చడానికీ ఇదే పని చేయాలి కనుక రెండింటినీ, వాటితోపాటు క్రాంక్‌షాఫ్టు వెనుక ఆయిలు సీలునూ ఒకేసారి మార్చడం పొదుపు. టర్బో, జీటీ3, జీటీ2 రకాలలో హాన్స్ మెజ్గర్ పేరుతో పిలువబడే వేరే ఇంజను ఉన్నందున వాటికి ఈ సమస్య లేదు. 2008లో 997 తరానికి వచ్చిన కొత్త ఇంజనులో ఈ మధ్య షాఫ్టునే తొలగించారు.

ఇతర లోపాలు

* సిలిండరు గోడలపై గీతలు పడడం. ఇంజను నుండి టకటక శబ్దం, ఒక వైపు పొగగొట్టంలో మసి, ఆయిలు ఎక్కువగా తగ్గిపోవడం దీని లక్షణాలు.
* ముందు బంపరు మూలలలో ఉన్న రేడియేటర్లలో ఆకులు, చెత్త చేరి తడికి తుప్పు పట్టడం.
* నీటి పంపు అరిగిపోవడం, శీతలకారి తొట్టి పగలడం.
* ఆయిలు ఆవిరిని వేరుచేసే పరికరం చెడిపోవడం. ఇంజను మొదలుపెట్టినపుడు దట్టమైన తెల్లని పొగ వస్తుంది.
* స్పార్కు ప్లగ్గులపై ఉండే ఇగ్నిషన్ కాయిళ్లు పగుళ్లు తీయడం.
* టర్బో, జీటీ రకాలలో జిగురుతో అతికించిన నీటి గొట్టాలు ఊడిపోవడం. వెల్డింగు చేయించడం లేదా మరలతో బిగించడం దీనికి పరిష్కారం.

కొనుగోలుకు ముందు పరీక్షలు

పాత 996లో కిలోమీటర్ల సంఖ్య కంటే మరమ్మతుల చరిత్రకు ఎక్కువ విలువ ఇవ్వాలని ఈ కార్లు ఎరిగిన మెకానిక్కులు చెబుతారు. చాలాకాలం కదలకుండా షెడ్డులో ఉన్న కారులో సీళ్లు ఎండిపోతాయి, ఆయిలులో తేమ చేరుతుంది. కావున తక్కువ తిరిగిన కారే మంచి కారు అని భావించడం సరికాదు. అమ్మకందారుతో సంబంధం లేని మెకానిక్కు చేత ఈ క్రింది పరీక్షలు చేయించడం అవసరం.

* సర్వీసు పుస్తకం, రసీదులు చూడడం. బేరింగు మార్చినట్లు నోటిమాటగా చెబితే చాలదు. ఏ రకం బేరింగు, ఎప్పుడు, ఎన్ని కిలోమీటర్ల వద్ద మార్చారో రసీదులో ఉండాలి.
* ఆయిలు ఫిల్టరును విప్పి లోహపు రేణువుల కోసం పరిశీలించడం. బేరింగు అరుగుదలకు ఇది తొలి ఆనవాలు.
* సిలిండర్లలో పీడనం, గాలి లీకు పరీక్షలు. సన్నని కెమెరాతో సిలిండరు గోడలను చూడడం.
* ఇంజను కంప్యూటరు నుండి సమాచారం తీయడం. ఇంజను ఎన్ని గంటలు నడిచినది, పరిమితికి మించి ఎన్నిసార్లు తిరిగినది అందులో నమోదై ఉంటాయి.
* బాడీపై రంగు మందాన్ని పరికరంతో కొలవడం. మందం ఒకచోట ఎక్కువగా ఉంటే ప్రమాదం తరువాత రంగు వేసి ఉండవచ్చు.
* టైర్ల తయారీ తేదీ చూడడం. గాడి లోతు బాగున్నా వయసు మీరిన టైర్లు వేగంగా నడిచే కారుకు సురక్షితం కావు.

పైన చెప్పిన గంటల లెక్క ఓడోమీటరు మోసాన్ని పట్టడానికి కూడా ఉపకరిస్తుంది. ఉదాహరణకు ఇంజను 3,000 గంటలు నడిచినట్లు నమోదై, ఓడోమీటరు 60,000 కిలోమీటర్లు చూపితే సగటు వేగం గంటకు 20 కిలోమీటర్లు మాత్రమే అవుతుంది. ఆ కారు ఎప్పుడూ నగర రద్దీలో తిరిగి ఉండాలి, లేదా మీటరు వెనక్కు తిప్పి ఉండాలి.

వ్యయం

విడిభాగాల ధరలు, పని కూలి కారు నేటి విలువను బట్టి కాక, అది కొత్తగా ఉన్నప్పటి స్థాయిని బట్టి ఉంటాయి. ఇంజనులో 8 లీటర్లకు పైగా ఆయిలు పడుతుంది. ముందు, వెనుక టైర్ల కొలతలు వేరు. పని తెలిసిన మెకానిక్కులు తక్కువ. చవకగా కొన్న కారులో ఇంజను మార్చవలసివస్తే ఆ ఖర్చు కారు ధరనే మించవచ్చును.

ఈ విషయాన్ని ఒక ఊహాత్మక లెక్కతో వివరించవచ్చు. మొదటి కారు ధర 22,000 డాలర్లు, రసీదులు లేవు. రెండవ కారు ధర 28,000 డాలర్లు. దానికి క్లచ్, బేరింగు, నీటి పంపు, టైర్లు మార్చిన ఆధారాలు ఉన్నాయి. మొదటి కారుకు క్లచ్, బేరింగు పనికి 4,000, టైర్లకు 1,200, శీతలీకరణ భాగాలకు 1,800 ఖర్చయితే మొత్తం 29,000 డాలర్లు అవుతుంది. అనగా చవకైన కారే ఎక్కువ ఖరీదు పడినది. పైగా రసీదులు లేని ఇంజనులో కనబడని లోపం ఉండే అవకాశం అలాగే మిగిలి ఉంటుంది.

కావున చేతిలోని సొమ్మంతా కారు ధరకే పెట్టివేయడం ప్రమాదకరం. అప్పు తీసుకుని కొన్నవారికి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఇంజను చెడి కారు షెడ్డులో ఉన్నా నెలవారీ వాయిదాలు ఆగవు, చెడిన కారును అమ్మినా అప్పు తీరదు. సాధారణ మోటారు బీమా ప్రమాదాలకు, దొంగతనానికి వర్తిస్తుంది కాని భాగాల అరుగుదలకు వర్తించదు. పెద్ద మరమ్మతుకు సరిపడే సొమ్మును ముందే పక్కన ఉంచుకోలేని వారికి ఈ కారు కొనుగోలు ధర అందుబాటులో ఉన్నా, కారు అందుబాటులో లేనట్లే.

భారతదేశంలో

పోర్షే కార్లను భారతదేశంలో తయారు చేయలేదు. కావున దేశంలో ఉన్న 996లు అన్నీ దిగుమతి అయినవే. వాడిన కార్ల దిగుమతికి సాధారణ నిబంధన ప్రకారం కారు తయారై మూడేళ్లు మించకూడదు, స్టీరింగు కుడివైపున ఉండాలి, ముంబై రేవు ద్వారానే రావాలి. అందువలన విదేశాలలో స్థిరపడిన తెలుగువారు అక్కడ వాడుతున్న 996ను ఇప్పుడు వాడిన కారుగా స్వదేశానికి తెచ్చుకునే వీలు లేదు.

దేశంలోనే కొన్నట్లయితే రిజిస్ట్రేషను గడువును తప్పక చూడాలి. సొంత వాహనాల రిజిస్ట్రేషను మొదట 15 ఏళ్లకు, తరువాత ఐదేసి ఏళ్లకు ఉంటుంది. 2025 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం 20 ఏళ్లు దాటిన దిగుమతి కార్ల పునరుద్ధరణ రుసుమును 80,000 రూపాయలుగా నిర్ణయించింది. 996 కార్లు ఈ వయసుకు చేరుకున్నవే. వేరే రాష్ట్రంలో నమోదైన కారును ఆంధ్ర ప్రదేశ్‌కు గాని తెలంగాణకు గాని మార్చుకోవాలంటే అక్కడి రవాణా శాఖ నుండి నిరభ్యంతర పత్రం తెచ్చి, ఇక్కడ జీవితకాల పన్ను చెల్లించవలసి ఉంటుంది. కారు ధరను బేరమాడేటపుడు ఈ ఖర్చులను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఇవి కూడా చూడండి

* పోర్షే 911
* పోర్షే బాక్స్‌స్టర్
* స్టుట్‌గార్ట్
* అంతర్దహన యంత్రం
* మోటారు వాహన బీమా