పసుపు మచ్చల కొలంబైన్: ప్రతిపదార్థం

విత్తనాల పొట్లం మీద ఈ మొక్క పేరు బారుగా ఉంటుంది: అక్విలీజియా వల్గారిస్, వెర్వేనియానా గ్రూప్. కొన్న చాలామంది పొట్లం మీది బొమ్మ చూసి పేరును వదిలేస్తారు. పెంచాలనుకునేవాళ్లు పేరే చదవాలి.

అక్విలీజియా: ఉత్తరార్ధగోళంలోని చలి ప్రాంతాల మొక్కల జాతి. తోటవాళ్ల నోట కొలంబైన్. మన దేశంలో కశ్మీర్, పశ్చిమ హిమాలయాల్లో దీని అడవి రకాలున్నాయి. పువ్వులోని ఐదు రేకులకూ వెనకవైపు ఒక్కో సన్నటి గొట్టం ఉంటుంది. తేనె ఆ గొట్టం కొసన. ఉత్తర అమెరికాలోని ఎర్రపూల కొలంబైన్‌లో తేనెను హమ్మింగ్ బర్డ్ తాగితే, ఈ యూరప్ రకంలోని పొట్టి, వంకర గొట్టాల్లోకి పొడుగు నాలుకున్న బంబుల్ తేనెటీగలు నాలుక చాస్తాయి. నాలుక అందనివి గొట్టానికి బయటినుంచే కన్నం పెట్టి తాగిపోతాయి. వాడిన పువ్వును తిప్పి చూస్తే ఆ కన్నం కనిపిస్తుంది.

వల్గారిస్: సర్వసాధారణం అని. గడ్డకట్టే చలిని తట్టుకుంటుంది, మూడు నాలుగేళ్లకు ఓపిక తగ్గి పోతుంది. తల్లివేరు లోతుగా దిగుతుంది కాబట్టి ముదిరిన మొక్కను పీకి ఇంకోచోట నాటితే తరచు బతకదు. నారు చిన్నగా ఉన్నప్పుడే చోటు ఖాయం చేయాలి.

వెర్వేనియానా: ఆకుల మీద లేత పసుపు, ఆకుపచ్చ కలిసిన మచ్చలుండే రకాలకు పెట్టిన పేరు. వుడ్‌సైడ్, లెప్రకాన్ గోల్డ్ ఈ కోవలోవే. పసుపు భాగంలో పత్రహరితం తక్కువ. అందుకే మిట్టమధ్యాహ్నపు ఎండకు అంచులు మాడతాయి, చిక్కటి నీడలో పెడితే బంగారు రంగు మసకబారుతుంది. ఉదయం ఎండ, మధ్యాహ్నం చెట్టు నీడ, నీరు నిలవని తేమ నేల దీనికి సరిపోతాయి.

గ్రూప్: పోలిక ఉన్నా అచ్చం ఒకేలా ఉండని మొక్కల గుంపు అని. అసలు సంగతంతా ఈ మాటలోనే ఉంది. మన ఇళ్ల ముందు క్రోటన్ కొమ్మ గుచ్చితే తల్లి ఆకు ఎలా ఉందో పిల్ల ఆకూ అలాగే వస్తుంది. ఇక్కడ మచ్చ విత్తనంలో దిగుతుంది, కానీ అన్ని మొలకలకూ సమానంగా దిగదు. ఒకదానికి సగం ఆకు పసుపు, ఇంకోదానికి చిలకరించినట్టు చుక్కలు, మరోదానికి ఏమీ ఉండదు. పూర్తిగా తెల్లబారినవి ఆహారం తయారు చేసుకోలేక చచ్చిపోతాయి. మొదటి రెండు బీజదళాలు చూసి తీర్పు చెప్పొద్దు. నాలుగైదు అసలు ఆకులు వచ్చాక, అప్పటికీ పచ్చగానే ఉన్నవాటిని మొహమాటపడకుండా పీకేయాలి. పచ్చవాటికి బలమెక్కువ. వదిలేస్తే వాటి గింజలే రాలి మడి నిండుతుంది. దగ్గర్లో మామూలు కొలంబైన్‌లుంటే తేనెటీగలు రెండింటినీ కలిపేస్తాయి, వచ్చే తరంలో మచ్చలు అరుదైపోతాయి. మచ్చలు నిలవాలంటే పక్క మడిలో ఇంకో రకం పెట్టకపోవడమే మేలు.

చలి పట్టించడం: పొట్లం వెనక రాసే మాట. తాజా గింజను వెంటనే చల్లితే మంచిది. నిలవ గింజైతే తడి ఇసుకలో కలిపి మూడు నాలుగు వారాలు ఫ్రిజ్‌లో ఉంచాలి, ఫ్రీజర్‌లో కాదు. తర్వాత మట్టిపైన చల్లి ఒత్తితే చాలు. పైన మట్టి కప్పొద్దు, మొలవడానికి వెలుతురు కావాలి. మొలకకు మూడు నాలుగు వారాలు పడుతుంది. పువ్వు సాధారణంగా రెండో ఏడు. గింజలు నల్లగా మెరుస్తాయి, విషపూరితం. పిల్లలకు అందకుండా చూసుకోవాలి.

ఆకు తొలిచే పురుగు: ఆకు పొరల మధ్య తెల్లటి వంకర గీతలు గీస్తుంది. మచ్చల ఆకుల మీద ఆ గీతలు వెంటనే కనబడవు, తిరగేసి చూడాలి. పూలయ్యాక ఆకులన్నీ నేలదాకా కోసేస్తే కొత్త చిగురు వస్తుంది. బూజు తెగులు అంత తేలిక కాదు. బ్రిటన్‌లో 2013లో మొదట గుర్తించిన ఈ తెగులు సోకిన మొక్కను వేరుతో సహా తీసేయాల్సిందే. కంపోస్ట్ గుంటలో వేయకూడదు.

పాక్షిక నీడ, తేమ నేల అనగానే హైదరాబాద్ బాల్కనీలో పెట్టొచ్చనిపిస్తుంది. కానీ పూయడానికి ముందు దీనికి వారాల తరబడి గట్టి చలి కావాలి. అది మన మైదానాల్లో దొరకదు.