మట్టిలో దొరికిన మందు

తలసీమియా ఉన్న బిడ్డకు మొదటి ఏడాది, రెండేళ్లు రక్తం కోసమే తల్లిదండ్రుల పరుగంతా. రాజోలు నుంచైనా కొత్తపేట నుంచైనా అమలాపురమో కాకినాడో వెళ్లడం, దాతల కోసం ఫోన్లు చేయడం. ఇంతలో ఓ రోజు డాక్టరు ఒంట్లో ఇనుము నిల్వను చెప్పే ఫెరిటిన్ రిపోర్టు చూసి, వెయ్యి దాటింది, ఇక రోజూ ఇనుము తగ్గించే మందు వాడాలంటారు. రక్తం లేదని ఎక్కిస్తుంటే ఇనుము ఎక్కువైందంటారేమిటని ఆ తల్లి నిలదీస్తే తప్పేముంది?

ఎక్కించే ప్రతి యూనిట్ రక్తంలో సుమారు 200 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. ఒంట్లోంచి రోజుకు పోయేది ఒకటి రెండు మిల్లీగ్రాములే. మిగిలింది గుండెలో, కాలేయంలో, గ్రంథుల్లో పేరుకుంటుంది. ఒకప్పుడు రక్తంతో బతికించుకున్న పిల్లలు యౌవనంలోనే గుండె దెబ్బతిని చనిపోయేవారు.

దీనికి మందు అనుకోకుండా దొరికింది. 1950ల చివర స్విట్జర్లాండ్‌లో సీబా కంపెనీ, జూరిక్ శాస్త్రవేత్తలు కొత్త యాంటిబయాటిక్ కోసం మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ సూక్ష్మజీవులను పరిశీలిస్తున్నారు. ఇనుమును గట్టిగా పట్టుకునే పదార్థమొకటి వాటిలో కనిపించింది. యాంటిబయాటిక్‌గా అది పనికిరాలేదు. కానీ దానిలోని ఇనుమును తీసేసి రోగికిస్తే, ఒంట్లో ఉన్న ఇనుమును పట్టుకుపోతుందని వాళ్లకు తట్టింది. అదే డెస్ఫెరాక్సమిన్.

అయితే ఒంట్లో అది ఎక్కువసేపు నిలవదు. అందుకని 1970ల నడుమ లండన్, బోస్టన్ వైద్యులు చిన్న పంపుతో చర్మం కిందికి గంటల తరబడి ఎక్కించే పద్ధతి తెచ్చారు. వారంలో ఐదారు రాత్రులు బిడ్డకు సూది గుచ్చాలి. పిల్లల ఆయుష్షు పెరిగింది, నిజమే. ఆ రాత్రులు తల్లులకెంత కష్టమో చెప్పనక్కర్లేదు.

నోటితో వేసుకునే మందు కోసం బ్రిటన్‌లో రాబర్ట్ హైడర్, జార్జ్ కొంటోగియోర్గెస్ డెఫెరిప్రోన్ రూపొందించారు. దానికి ముందుగా అనుమతిచ్చిన దేశం మనదే. 1990ల నడుమ సిప్లా దాన్ని మార్కెట్లోకి తెచ్చింది. రోజుకొక్కసారి వేసుకునే డెఫెరాసిరాక్స్‌కు 2005లో అమెరికా ఆమోదం దొరికింది. ఇప్పుడు రెండేళ్లు నిండిన పసివాళ్లకు ఎక్కువగా ఇస్తున్నది ఇదే.

నీళ్లలో కలిపే రకమైతే పరగడుపున, తినడానికి అరగంట ముందు తాగించాలి. గ్లాసు అడుగున మిగిలిన పొడిలో మళ్లీ కాసిని నీళ్లు పోసి అదీ తాగించాలి. మూత్రపిండాలు, కాలేయం పరీక్షలు క్రమం తప్పకూడదు. ఏడాదికోసారి కళ్లు, చెవులు చూపించాలి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే వెంటనే డాక్టరుకు చెప్పాలి. డెఫెరిప్రోన్ వాడే బిడ్డకు జ్వరమొస్తే ఆ మందు ఆపి, అదే రోజు రక్తపరీక్ష చేయించాలి. నీరసంగా ఉన్నాడని ఐరన్ టానిక్ పట్టడం మాత్రం వద్దు.

"పిల్లాడు బాగానే ఉన్నాడుగా, రోజూ మందెందుకు?" అని నాయనమ్మో ఇరుగుపొరుగో అంటారు. పేరుకునే ఇనుము పైకి కనిపించదమ్మా. వాళ్ల మాట విని ఒక్క పూట కూడా మానకండి. మందు పడకపోతే, ఖర్చు భారమైతే, ఆపేయకుండా ముందు డాక్టరును అడగండి.