పద్ధతిగా నడచిన సంఘం: మెథడిస్టుల చరిత్ర

‘మెథడిస్టు’ అనే పేరు పరిహాసంగా పుట్టింది. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయంలో జాన్ వెస్లీ (1703–1791), ఆయన తమ్ముడు చార్లెస్, వారి మిత్రులు ప్రార్థనకు, పఠనానికి, ఖైదీల పరామర్శకు నియమిత వేళలు పాటించేవారు. వారి పద్ధతిని చూసి తోటివారు పెట్టిన ఎగతాళి పేరే కాలక్రమాన ఒక క్రైస్తవ శాఖకు గౌరవనామమైంది.

దైవకృప ఏ కొందరికో కాక సర్వులకూ లభ్యమని, విశ్వాసం వలన రక్షణ కలుగుతుందని, రక్షణ పొందినవారు పరిశుద్ధ జీవనంలో దినదినమూ ఎదగాలని వెస్లీ బోధించారు. బాప్తిస్మము, ప్రభురాత్రి భోజనము అనే రెండు సంస్కారాలను ఈ శాఖ పాటిస్తుంది. పసిబిడ్డలకు సైతం బాప్తిస్మమిస్తుంది.

అయితే ఈ సంఘాన్ని నిలిపినది బోధ మాత్రమే కాదు, నిర్మాణం కూడా. 1742లో బ్రిస్టల్ నగరంలో ప్రార్థనా మందిరంపై ఉన్న అప్పు తీర్చవలసి వచ్చింది. సభ్యులను సుమారు పన్నెండుమంది చొప్పున విభజించి, తలకు వారానికొక పెన్నీ వసూలు చేసే బాధ్యతను ఒక్కొక్క నాయకునికి అప్పగించారు. ఇవ్వలేని పేదల లోటును నాయకుడే భరించాలి. చందా కోసం ఇంటింటికీ వెళ్ళిన నాయకులకు ఆ ఇళ్ళలోని రోగాలు, కలహాలు, కష్టాలు కనిపించాయి. ఆ విధంగా అప్పు తీర్చే ఏర్పాటు ఆదరించే ఏర్పాటుగా మారింది. అదే ‘క్లాసు’ సమావేశం.

అమెరికా మెథడిస్టుల పక్షాన 1856లో విలియం బట్లర్ భారతదేశానికి వచ్చి బరేలీలో సేవ ప్రారంభించారు. 1870లో ఇసబెల్లా థోబర్న్ లక్నో బజారులో ఆరుగురు బాలికలతో పాఠశాల తెరిచారు. ఆమె పేరు ధరించిన మహిళా కళాశాలకు అదే బీజం.

నైజాం రాజ్యంలో ఈ శాఖ రెండు పాయలుగా ప్రవహించింది. బ్రిటిషు వెస్లియనుల పాయకు మెదక్ కేంద్రమైంది. చార్లెస్ పాస్నెట్ కరవు రోజుల్లో కూలీలకు పని కల్పిస్తూ నిర్మింపజేసిన అక్కడి మహాదేవాలయం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైంది. ఈ పాయ 1947లో దక్షిణ ఇండియా సంఘంలో లీనమైంది. వికారాబాదు, బీదరు ప్రాంతాల్లో పనిచేసిన అమెరికా పాయ విడిగానే నిలిచి, 1981లో స్వయంపాలన గల ‘మెథడిస్టు చర్చి ఇన్ ఇండియా’లో భాగమైంది.

ఈ సంఘంలో స్థానిక సభలపై జిల్లా సూపరింటెండెంటు, ఆపైన బిషప్పు అధ్యక్షతన ప్రాంతీయ కాన్ఫరెన్సు, అన్నిటిపైన సర్వసభ ఉంటాయి. పాస్టర్లతోపాటు సామాన్య సభ్యుల ప్రతినిధులూ వాటిలో కూర్చుంటారు. పాస్టరును నియమించేదీ, బదిలీ చేసేదీ బిషప్పు. కనుక వ్యక్తులు మారినా సంఘం నిలుస్తుంది.

డెబ్బది ఐదేళ్ళు నిండిన మన పాఠశాలకు ఈ చరిత్రలో గ్రహించదగినది ఒకటున్నది. ఆనాడు చందా పుస్తకం పేదవాని గడపకు దారి చూపింది. మన హాజరుపట్టీ కూడా బడికి రాని బిడ్డ ఇంటికి మనలను నడిపించినప్పుడే సార్థకమవుతుంది.