కాగితం పాతదైతే చాలా?

రెండో ప్రపంచయుద్ధం అయ్యాక అమెరికన్ సైనికులు జర్మనీ నుంచి గుర్తుగా తెచ్చుకున్నవాటిలో ఐరన్ క్రాస్ పతకాలే కాదు, వాటి ప్రదాన పత్రాలూ ఉన్నాయి. వాటికి గిరాకీ ఉంది కాబట్టి నకిలీలూ పుట్టుకొచ్చాయి.

యూవీ లైటు కింద కాగితం నీలంగా మెరిస్తే అనుమానించాల్సిందే. ఆ మెరుపునిచ్చే రసాయనాలను కాగితంలో కలపడం యుద్ధం తర్వాతే మామూలైంది. మరి మెరవకపోతే అసలుదేనా? అబ్బే! అప్పటి ఖాళీ ఫారం మీద ఇప్పుడు టైపు కొట్టొచ్చుగా.

అందుకే నేను కాగితం కన్నా లాగ్స్‌నే నమ్ముతాను. ఆ తేదీకి దళం ఎక్కడుంది? సంతకం పెట్టినాయన హోదా అప్పటికి అదేనా? సైనికుడి పే బుక్‌లో పతకం నమోదైందా? ఇవన్నీ కలవాలి. "మా తాత తెచ్చాడు" అన్నది నిజమే కావచ్చు, కానీ సాక్ష్యం కాదు. ఎవరో చేయని సాహసాన్ని చరిత్రలోకి ఎక్కిస్తే, ఆ బగ్‌ని తర్వాత ఎవరు తీస్తారు?